ఒకవైపే నడిచిన చదువు

ఏటా చలికాలంలో హైదరాబాదులో జరిగే పుస్తక ప్రదర్శనలో నలభై, యాభై ఏళ్లు దాటిన పాఠకులు తమ కౌమారంలో చదివిన పుస్తకాల పునర్ముద్రణల కోసం వెతుక్కుంటారు. చందమామ పాత కథలు, బారిష్టరు పార్వతీశం, బుడుగు, ఒకప్పటి వారపత్రికల సీరియల్ నవలలు సంచుల్లో నింపుకొని వెళతారు. ఈ అభిమానాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. పదిహేను, పదహారేళ్ల వయసులో మనసుకు పట్టిన పుస్తకం జీవితాంతం మనిషిని అంటిపెట్టుకొనే ఉంటుంది. అయితే ఆ పుస్తకాన్ని మళ్లీ తెరిచినప్పుడు అందరికీ ఒకే అనుభవం కలగదు. కొందరికి అది పుట్టింటికి తిరిగి వెళ్లినట్టు ఉంటుంది. మరికొందరికి ఒకప్పుడు చుట్టపుచూపుగా వెళ్లివచ్చిన పెద్దింటిని మళ్లీ చూసినట్టు ఉంటుంది. నేను ఆ రెండో వరుసలోని పాఠకుణ్ణి.

ఈ పుస్తకాల విషయంలో ప్రస్తుతం రెండు వాదనలు వినిపిస్తున్నాయి. అవి స్వచ్ఛమైన బాల్య జ్ఞాపకాలనీ, వాటిలో కులాన్ని వెతకడం సంస్కారం కాదనీ ఒక వాదన. అవన్నీ ఆధిపత్య కులాల సాహిత్యమనీ, బహుజన పిల్లలకు వాటితో పని లేదనీ రెండో వాదన. ఈ రెండు వాదనలూ పుస్తకాన్ని గురించే మాట్లాడతాయి తప్ప చదివినవాడు పడ్డ శ్రమను గురించి మాట్లాడవు. తనను చోటులోకి తీసుకోని కథలోకి తానే చోటు చేసుకొని వెళ్లడం ఒక శ్రమ. ఆ శ్రమ ఎవరు చేశారు, ఎవరికి ఎన్నడూ చేయవలసిన అవసరం రాలేదు అన్నదే ఈ వ్యాసం లేవనెత్తే ప్రశ్న.

నేను పెరిగింది మేడ్చల్, శామీర్‌పేటల మధ్యనున్న ఒక పల్లెలోని మాదిగవాడలో. 1980లలో ఆ ప్రాంతాన్ని నగరం ఇంకా మింగలేదు. అనాబ్-ఎ-షాహి ద్రాక్షతోటలు, కోళ్లఫారాలు, శామీర్‌పేట చెరువు, మేడ్చల్ మీదుగా నిజామాబాదు వైపు పోయే మీటరుగేజి రైలు మా లోకం. మా నాన్న ద్రాక్షతోటలో కూలి. గుత్తుల కింద పరచడానికి పట్నం నుంచి పాత కాగితాలు కట్టలుకట్టలుగా వచ్చేవి. చందమామలు, వారపత్రికలు ఆ కట్టల్లోంచే మా చేతికి చిక్కాయి. మిగిలినవి శాఖా గ్రంథాలయంలో దొరికాయి. ఆ పత్రికలు మమ్మల్ని పాఠకులుగా ఊహించుకొని అచ్చయినవి కావు. అయినా చిరిగిన పేజీ తర్వాత కథ ఏమై ఉంటుందో మాటలాడుకుంటూ వాటిని మాకన్నా శ్రద్ధగా చదివినవారు తక్కువమంది ఉంటారు.

చందమామను 1947 జూలైలో మద్రాసు నుంచి నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించారు. 1952 నుంచి 1980లో మరణించేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని తీర్చిదిద్దారు. ఆయన మార్క్సిస్టు, హేతువాది. పండితుల పట్టులోంచి తెలుగు వాక్యాన్ని విడిపించి పిల్లల నాలుక మీద పెట్టిన పత్రిక అది. ఈ వ్యాసంలోని వాక్యాలు కూడా ఆ పత్రికకు ఋణపడి ఉన్నాయి. ఆ ఋణం ఒప్పుకుంటూనే ఇప్పుడు ఆ కథలను మళ్లీ చదివితే ఒక వ్యాకరణ విశేషం కంటబడుతుంది. రాజు చెరువు తవ్విస్తాడు, కోట కట్టిస్తాడు, ఊరూరా చాటింపు వేయిస్తాడు. తవ్వినవాడు, కట్టినవాడు, డప్పు కొట్టినవాడు ఆ ప్రేరణార్థక క్రియల వెనుక మాయమైపోతారు. రాకుమార్తెను పెళ్లాడేందుకు దేశమంతా కదిలేది ఆ చాటింపు విన్నందుకే. కానీ డప్పు ఎవరిది, దానికి తోలు ఎవరు బిగించారు, చచ్చిన పశువును ఎవరు మోశారు అన్నవి కథకు అక్కరలేని సంగతులు. చాకలి, మంగలి, కుమ్మరి అప్పుడప్పుడు వస్తారు. చాలాసార్లు వారికి కులమే పేరు. ఆ ఊళ్లకు వాడ ఉండదు. మా తాత డప్పు మోగించనిదే మొదలుకాని కథలో మా తాత లేడు.

అలాంటి కథను మేమెలా ఆస్వాదించాం? రాకుమారుడి గుర్రమెక్కి ఆస్వాదించాం. పేజీలో మా చోటు లేదు కనుక ఉన్న చోట్లలో మంచిది ఎంచుకున్నాం. అది మోసపోవడం కాదు, నేర్పు. తనది కాని జీవితంలోకి దూరి, అక్కడి సుఖదుఃఖాలను తనవిగా అనుభవించి తిరిగి రాగల నేర్పు. ప్రపంచంలో ఎక్కడైనా సాహిత్యం మనిషికి ఇచ్చే పెద్ద వరం అదే. వాడలోని పిల్లలకు ఆ వరం తప్పనిసరి పాఠంగా అందింది.

బారిష్టరు పార్వతీశాన్ని చూడండి. మొక్కపాటి నరసింహశాస్త్రి ఆ నవల మొదటి భాగాన్ని 1924లో వెలువరించారు. మొగల్తూరు కుర్రవాడు బారిష్టరు చదువు కోసం ఇంగ్లండు బయలుదేరి దారి పొడవునా అమాయకత్వంతో నవ్వులు పండిస్తాడు. ఆడవాళ్ల టోపీ కొని దర్జాగా పెట్టుకుంటాడు. మా వాడలోనూ ఆ నవ్వు పండింది. ఇవాళ చదివినా నవ్వు ఆగదు. అయితే అదే కాలంలో అదే దేశానికి చదువు కోసం వెళ్లిన మరొక యువకుడు ఉన్నాడు. అంబేడ్కర్ 1922లో లండన్‌లోని గ్రేస్ ఇన్ నుంచి బారిష్టరు పట్టా పొందారు. అంతకు ముందు, 1917లో, విదేశీ చదువు చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వస్తే ఆయనకు అద్దెకు గది దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో తలదాచుకుంటే కొద్ది రోజులకే కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. ఆ అవమానాన్ని ఆయనే ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అన్న చిన్న రచనలో నమోదు చేశారు.

ఈ రెండు ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టి చదివితే పార్వతీశం గొప్పతనమేమీ తగ్గదు. ఒక కొత్త విషయం మాత్రం తెలుస్తుంది. అమాయకత్వం కూడా ఒక ఆస్తి. కొందరికి అది తాతల నాటి నుంచి సంక్రమిస్తుంది. పార్వతీశం ఎన్ని తెలివితక్కువ పనులు చేసినా అవి అతని ఒక్కడివే, అతని కులానివి కావు. లోకం నవ్వి చోటిస్తుంది. మా పిల్లవాడు కళాశాలలో ఒక్క ఆంగ్ల పదం తప్పుగా పలికితే అది అతని ఒక్కడి పొరపాటుగా మిగలదు. రిజర్వేషన్ మీదికీ, కులం మీదికీ, తల్లిదండ్రుల మీదికీ పోతుంది. పార్వతీశంలా నవ్వులపాలై కూడా ప్రేమపాత్రుడిగా మిగిలే హక్కు తెలుగు నవలలో ఎందరు దళిత కథానాయకులకు దక్కింది?

కథానాయకుడిగా మాకు స్థానమిచ్చిన పుస్తకమూ ఉంది. ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో ఉండి రాసిన ‘మాలపల్లి’ 1922లో వెలువడింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. కూలీల పక్షాన నిలిచిన సంగదాసును భూస్వామి చౌదరయ్య చంపడం తెలుగు నవలలో అంతకు ముందు లేని ఘట్టం. నేను ఆ నవల చదివిన కాలంలోనే, 1985 జూలై 17న, కారంచేడులో మాదిగలపై ఊచకోత జరిగింది. ఆరు దశాబ్దాల నాటి కల్పనకూ ఆనాటి వార్తాపత్రికకూ మధ్య దూరం చెరిగిపోయింది. అందుకే ఆ నవల మీద గౌరవం ఈనాటికీ చెక్కుచెదరలేదు.

అయినా ఇప్పుడు చదివితే దానిలోని ఒక షరతు స్పష్టంగా కనిపిస్తుంది. రామదాసు భక్తుడు, తత్త్వజ్ఞుడు, సాధుశీలుడు. సవర్ణ పాఠకుడు చేతులు జోడించి గౌరవించగల దళితుడు. వాడ తిండి, వాడ దైవాలు, వాడ తిట్లు, వాడ నవ్వు ఆ గౌరవానికి వెలుపలే ఉండిపోయాయి. అంటే పెద్దింటి పాఠకుడు మాలపల్లిలోకి అడుగు పెట్టడానికి ముందే మాలపల్లిని కడిగి ముగ్గు వేశారు. మేము రాజు కోటలోకి వెళ్లినప్పుడు మా కోసం కోటను ఎవరూ మార్చలేదు. ఇక్కడ మాత్రం వచ్చేవారి మర్యాదకు తగినట్టు ఇంటినే మార్చారు. కారంచేడులో చనిపోయినవారు వేదాంతం తెలిసినందుకు గౌరవార్హులు కారు, మనుషులైనందుకు గౌరవార్హులు. మాలపల్లి తర్వాత తెలుగు సాహిత్యం చేరవలసిన మెట్టు అది. అక్కడికి చేరడానికి దళిత రచయితలే రావలసి వచ్చింది.

గంభీరమైన పుస్తకాలనే కాదు, ఉబుసుపోకకు చదివినవాటినీ ఈ వెలుగులో చూడాలి. 1980ల తొలినాళ్లలో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ మా వాడను ఊపేసింది. చదువు వచ్చినవాడు పైకి చదువుతుంటే రానివారు చుట్టూ కూర్చుని విన్నారు. కలిగినవారి ఇంటి పాప మీద క్షుద్రప్రయోగం జరుగుతుంది. పాఠకుడి గుండె ఆ పాప కోసం కొట్టుకుంటుంది. రచయిత కథనశక్తిని కాదనలేం. ఈ ధోరణిని రంగనాయకమ్మ ఆ రోజుల్లోనే తీవ్రంగా విమర్శించారు. ఆ విమర్శ మూఢనమ్మకాన్ని గురించి. దానికి కులం, వర్గం కోణం నుంచి మరొక మాట చేర్చవలసి ఉంది. నవలలో భయపడేది బంగళా. ఊళ్లో ప్రాణం పోయేది గుడిసెలో. చేతబడి, బాణామతి నెపంతో పళ్లు పీకించుకున్నవారు, కొట్టించుకున్నవారు, సజీవంగా కాలిపోయినవారు తెలంగాణ పల్లెల్లో చాలావరకు పేదలు, ఒంటరి స్త్రీలు, దళిత బహుజనులు.

ఇది గతం కాదు. శామీర్‌పేట ప్రాంతంలోని అద్రాసుపల్లిలో 2019 సెప్టెంబరులో ఒక మహిళ మరణానికి చేతబడే కారణమన్న అనుమానంతో ఒక యువకుణ్ణి చంపి ఆమె చితిమంటల్లోనే వేసిన ఘటన పత్రికలన్నిటిలో వచ్చింది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలల్లో టీకాలు తయారవుతున్నాయి. ఒక నవల వల్ల ఆ హత్య జరిగిందనడం అన్యాయం. నేను అంటున్నది వేరు. బాణామతి భయాన్ని బంగళా వైపు నుంచి చెప్పిన కథకు లక్షలాది పాఠకులు దొరికారు. నిందపడినవాడి వైపు నుంచి చెప్పిన కథ అంతమంది పదహారేళ్ల పిల్లల చేతికి ఎన్నడూ అందలేదు. అంది ఉంటే ఆ రాత్రి గుంపులో ఒక్కరైనా ఆగి ఆలోచించేవారేమోనన్న ఆశ సాహిత్యం మీద నమ్మకమున్న ప్రతివారికీ ఉండాలి.

మరి మా వాడ మాకు మొదట ఏ పుస్తకంలో కనిపించింది? సముద్రాలు దాటి వచ్చిన పుస్తకంలో. అలెక్స్ హేలీ 1976లో రాసిన ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగు చేశారు. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దాన్ని ప్రచురించింది. యజమాని పెట్టిన టోబీ అన్న పేరును మనసులో ఎన్నడూ ఒప్పుకోని కుంటా కింటే మాకు పరాయివాడిగా తోచలేదు. మా నాన్నకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి, తోట యజమాని పిలిచిన పేరు మరొకటి. చివర ‘గాడు’ లేకుండా ఆ పేరు ఆ నోట ఎన్నడూ రాలేదు. మద్రాసులో అచ్చయిన కథలో దొరకని మా ఇల్లు ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చిన మనిషి కథలో దొరికింది. తెలుగు దళిత ఉద్యమ తరం ఆ పుస్తకాన్ని ఎందుకంత ప్రేమించిందో అర్థం చేసుకోవాలంటే, తెలుగు పుస్తకాల్లో అంతవరకూ ఉన్న ఖాళీని చూడాలి.

ఆ ఖాళీ పూర్తి ఖాళీ కూడా కాదు. జాషువా ‘గబ్బిలం’ 1941లోనే వచ్చింది. గుడిలోకి తనకు ప్రవేశం లేదు కనుక, గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలంతో శివుడికి మొర పంపుకున్న దళితుడి కావ్యమది. అది మా తరానికి పాఠ్యభాగంగా, ప్రతిపదార్థంగా, మార్కులుగా అందింది. గబ్బిలం మీద కోపమూ దుఃఖమూ కలగడానికి బదులు ఛందస్సు పేరు గుర్తుపెట్టుకోవడం ముఖ్యమైపోయింది. పుస్తకం ఉండటం ఒకటి, దాన్ని ప్రేమించే అవకాశం ఉండటం మరొకటి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. వాడ పిల్లలు రాకుమారుడి గుర్రం మీదికి, పార్వతీశం ఓడలోకి, బంగళాలోని పాప గదిలోకి వెళ్లివచ్చారు. అగ్రహారం, దొరగడీ, పట్నం మేడ అన్నీ వారికి లోపలినుంచి తెలుసు. అదే కాలంలో అదే పుస్తకాలు చదివిన పెద్దింటి పిల్లలు ఎక్కడికీ వెళ్లవలసి రాలేదు. తెరిచిన ప్రతి పుస్తకంలో తమ ఇల్లే ఉంది. కులం చదువులో చేసిన పెద్ద నష్టం ఇదే. మాకు అన్యాయం జరిగిందన్నది సగం నిజం. ఎదుటి మనిషి ఇంట్లోకి ఊహలోనైనా అడుగుపెట్టే అభ్యాసం వారికి దక్కలేదన్నది మిగతా సగం.

ఆ లోటు ఫలితాన్ని విశ్వవిద్యాలయాల్లో చూస్తున్నాం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న మరణించిన రోహిత్ వేముల, కార్ల్ సాగన్‌లా విజ్ఞానశాస్త్ర రచయిత కావాలనుకున్నట్టు తన చివరి లేఖలో రాసుకున్నాడు. గుంటూరు పేదరికంలో పెరిగిన పిల్లవాడు పుస్తకాల మీదుగా నక్షత్రాల దాకా వెళ్లగలిగాడు. నక్షత్రాలకన్నా ఎంతో దగ్గరలో ఉన్న అతని దాకా చేరడం మాత్రం అతని చుట్టూ ఉన్న వ్యవస్థకు చేతకాలేదు. చదువు ఒకవైపే నడిస్తే పర్యవసానం ఇలాగే ఉంటుంది.

‘సాహిత్యానికి కులమేమిటి, మంచి పుస్తకం అందరిదీ’ అని కొందరు అంటారు. నిజమే. మంచి పుస్తకం అందరిదీ అని ఆచరణలో నిరూపించింది మేమే. అంటరాని వసంతం కూడా అందరిదీ అని ఇక వారు నిరూపించాలి. ‘మరి ఆ పాత పుస్తకాలు మన పిల్లలకెందుకు’ అని అడిగే మిత్రులకు కూడా ఒక మాట. చందమామ వాక్యాన్ని, పార్వతీశం నవ్వును వదులుకుంటే నష్టపోయేది మనమే. కష్టపడి సంపాదించిన నేర్పును కోపంతో పారేసుకోకూడదు. ఆ పుస్తకాలను మన పిల్లలు చదవాలి. డప్పు కొట్టింది ఎవరని అడుగుతూ చదవాలి.

నేను తిరిగిన ఆ పల్లెల్లో ద్రాక్షపందిళ్లు పోయి విల్లాలు వచ్చాయి. శామీర్‌పేటలో 1998లో స్థాపితమైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, ఆ చేరువలోనే బిట్స్ పిలానీ ప్రాంగణం ఉంది. నల్సార్‌లో అడుగుపెట్టడానికి రాయవలసిన జాతీయ ప్రవేశపరీక్ష ఆంగ్లంలోనే ఉంటుంది. పరీక్ష పఠనశక్తిని కొలుస్తుంది. పాఠ్యపుస్తకం బయట పుస్తకమే దొరకని పిల్లవాడికి ఆ శక్తి ఎక్కణ్నుంచి వస్తుంది? 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. భూముల ధరలు ఆకాశానికంటిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఆ ఎనిమిది పైసలు చిన్న మొత్తం కాదు. వసూలైన సొమ్ము స్థానిక సంస్థల నుంచి గ్రంథాలయాలకు సకాలంలో చేరడం లేదన్నది రాష్ట్రమంతటా ఉన్న పాత ఫిర్యాదు. ఆ లెక్క ప్రజల ముందు పెట్టాలని విద్యార్థి సంఘాలు అడగాలి.

డబ్బు చేరితే ఏ పుస్తకాలు కొనాలన్నది రెండో ప్రశ్న. జాషువా గబ్బిలం, కళ్యాణరావు అంటరాని వసంతం, 1995లో వచ్చిన చిక్కనవుతున్న పాట, గోగు శ్యామల సంపాదకత్వంలో వెలువడిన నల్లపొద్దు ఉండాలి. శ్యామల రాసిన కథలూ ఉండాలి. ఆమె తాండూరు ప్రాంతం మనిషి. 2016లో జిల్లాలు విడిపోయేదాకా తాండూరు, మేడ్చల్ ఒకే రంగారెడ్డి జిల్లా. ఈ పుస్తకాలను గురుకులాల గ్రంథాలయాలకు పంపి పని పూర్తయిందనుకుంటే సరిపోదు. అంటరాని వసంతం గురుకులంలో మాత్రమే ఉంటే అది మళ్లీ వాడలోనే ఉన్నట్టు. మేడ్చల్ రహదారి పొడవునా వెలసిన ప్రైవేటు కళాశాలల్లో, అంతర్జాతీయమని చెప్పుకొనే బడుల్లో, విల్లాల సముదాయాల పఠనమందిరాల్లో వాటికి చోటు ఉండాలి. పదహారేళ్ల వయసులోనే, ఇష్టంగా, పరీక్ష భయం లేకుండా అవి చేతికి అందాలి. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ పిల్లలు పుస్తక ప్రదర్శనలో వెతుక్కునే పుస్తకాల్లో అవి కూడా ఉండాలి.

మా పిల్లలు అటువైపు వెళ్లిరావడం ఏనాడో నేర్చుకున్నారు. ఇటువైపు రావడం ఇక మిగిలినవారి వంతు. వచ్చే విద్యాసంవత్సరానికి పుస్తకాల కొనుగోలు జాబితాలు సిద్ధం చేసేవారు మొదట సరిచూసుకోవలసిన లెక్క ఇదే.